కాకి కాదు, పిల్లి కాదు

బారువ సరుగుడు తోటలో
గాలివాన వెలిసిన పొద్దున
రెండు దొరికాయి నాకు.

ఒకటి సంద్రపు కాకి.
కంటి వెనక కాటుక చుక్క,
ఎర్రటి కాళ్ళు పొట్ట కిందకి ముడుచుకుని.
రెండోది చెవులపిల్లి.
ఎవరో మసిచెయ్యి తుడుచుకున్నట్టు
మెడ వెనక నల్లటి మరక.

తాబేలు గుడ్లకు కాపలా ఉండేవాణ్ణి,
వీటి సంగతి నాకు పట్టదు నిజానికి.
కానీ సంపతిరావు మేడమ్ ఇచ్చిన ఫారం ఉంది.
చచ్చినది ఏదైనా అందులో రాయాలి.

మొదటి గడి: వర్గం.
కాకి అని రాస్తే కొట్టేసింది మేడమ్.
"కాకికీ దీనికీ చుట్టరికం లేదు దానేసూ,
ఇది ఉల్లంకి పిట్టల వైపు మనిషి."
పిల్లి అని రాస్తే నవ్వింది.
పెదవి ఎత్తి చూపించింది.
పైపళ్ళ వెనక దాక్కుని
బియ్యపు నూకంత ఇంకో జత.
"ఈ రెండు పళ్ళ మూలంగానే
ఎలుకల పంక్తిలోంచి లేపి
దీనికి వేరే ఆకు వేశారు."

మధ్యాహ్నం గంజి తెచ్చిన మా అమ్మ
అంతా విని అంది:
"ఓలమ్మ, పేరెట్టినోలికి కళ్ళు నేవేటి?
తెలిసినదాంతోనే గదరా
తెలీనిదాన్ని పిలుత్తాం."

రెండో గడి: స్థితి.
రెంటికీ ఒకటే మాట చెప్పింది మేడమ్.
ఆందోళన అక్కర్లేదు.
లోకంలో ఇంకా చాలానే ఉన్నాయట.
అక్షరం పొల్లుపోకుండా
గుండ్రంగా రెండుసార్లు రాశాను.

మూడో గడి లేదు.
ఉంటే రాసేవాణ్ణి,
దాని రెక్కకీ దీని కాలికీ
చుట్టుకున్నది ఒకటే టంగూసని.
పచ్చది. పోయినేడు చిరిగిన మా వల.
సగం ఒడ్డునే వదిలేశాం.
సగం ఉద్దానం వాళ్ళకి అమ్మేశాం,
పందులు రాకుండా
జీడితోట చుట్టూ కట్టుకుంటామంటే.

ముడి మా అయ్యది.
రెండుసార్లు తిప్పి
పంటితో లాగి బిగిస్తాడు.
ఊడదు.

బ్లేడుతో కోశాను.
ఇసక తడిగా ఉంది, గొయ్యి తొందరగానే పడింది.
ఒకటే తీశాను రెంటికీ.
చెవులు బయటికి వస్తుంటే
లోపలికి మడిచి
పైన రెక్క కప్పాను.

ఫారం అడుగున
పేరు, తండ్రి పేరు అని ఉంది.
నా పేరు వెంటనే రాసేశాను.
రెండోది రాయడానికి
కాస్సేపు పట్టింది.