దారమేలా

మా నాన్న పాటల్ని వినకముందే చేత్తో ముట్టుకున్నాడు.
గాంధీనగరంలో, సినిమా డబ్బాల ఆఫీసుల వెనక సందులో
గజలక్ష్మీ ప్రెస్సు. కంపోజిటరు పిచ్చయ్య.
విడుదలకు వారం ముందు
మద్రాసు నుంచి కార్బను కాగితాల మీద దిగేవి పాటలు,
రాగం తొడుక్కోకుండా,
స్నానం చేయించి గౌను వేయని పిల్లల్లాగా.
వాటిని సీసపు అక్షరాల్లో పేర్చేవాడు.
పల్లవి తలకిందులు. చరణం తలకిందులు.
జోలపాటా విరహమూ ఒకే బరువు తూగేవి,
సీసం కదా.

నన్ను మాత్రం కథ అడక్కండి.
ఎవరు ఎవరి కొడుకో, వీలునామా ఏ పటం వెనక దాచారో
ఒక్కటీ గుర్తు లేదు.
నేల టిక్కెట్టులో, వేరుశనగ తొక్కల మీద కూర్చుని
నేను చూసిందల్లా పాటకీ పాటకీ మధ్య ఆలస్యం.
పడవలో ఉన్నది ఇద్దరే,
మరి అన్ని ఫిడేళ్ళు ఎక్కణ్ణుంచి నాన్నా అంటే
"చెట్ల వెనక ఉంటార్లే.
జీతాలు అందలేదు కామోసు, తెర మీదికి రారు"
అన్నాడు, తనకే మూడు నెలల బాకీ ఉన్న మనిషి.

ఒక ఎండాకాలం వచ్చింది ఆ పాట.
"గడపకూ గడపకూ నడుమ దూరమేలా."
పేజీ నిండా దూరాలే, పన్నెండు చోట్ల.
గళ్ళపెట్టెలో 'దూ'లు అయిపోయాయి.
తెల్లారేలోపు మిషను ఎక్కాలి,
ప్రూఫులు దిద్దే అయ్యవారికి జ్వరం.
చివరి చరణంలో ఒక్కచోట 'దా' పెట్టి
కాగితపు కట్టల మీద తల వాల్చాడు నాన్న.

గడపకూ గడపకూ నడుమ దారమేలా.

ఐదు వేల కాపీలు, పది పైసలొకటి.
ఓనరు ఒకపూట జీతం కోశాడు.
ఊళ్ళో ఎవరూ గమనించలేదు.

మా అమ్మ నాంచారమ్మ రవికలు కుట్టేది.
ఆ సినిమా చూడలేదు, తమ్ముడు కడుపులో ఉన్నాడు.
రాగం పక్కింటి రేడియోలోంచి,
మాటలు మిషను బల్ల మీది పుస్తకంలోంచి తీసుకుని
రెండూ కలిపి కుట్టుకుంది.
సూదిలోకి ఎక్కించే ముందు కొస నాలికతో తడిపి
"దారమేలా" అని సాగదీసేది.
నాన్న కంచంలోకి చూస్తూ తినేవాడు.
చివరికి ఒక రాత్రి ఒప్పేసుకున్నాడు,
అది తప్పే, దూరమే, నా చేతి పొరపాటు అని.

"తెలుసు. నాకేం చెవుడా?" అంది అమ్మ.
"దూరమైతే ఏముంది, నడిచి పోతాం.
ఏలా అని అడగాల్సింది దారాన్నే."

నాన్న ఆ మాటని ఏ గడిలో వేసుకోవాలో తెలియక
చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.
వేళ్ళ సందుల్లో సిరా ఎలాగూ పోదు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అది సరసమో పోట్లాటో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్న లెనిన్ సెంటర్ దగ్గర ఆటో ఇరుక్కుంది.
కాలవ మీంచి గాలి కాదు, సెగ.
ఎఫ్ఎమ్‌లో హఠాత్తుగా అదే పాట.
పాడిన ఇద్దరూ లేరు. పడవ లేదు.
చెట్ల వెనకవాళ్ళు మాత్రం అలాగే వాయిస్తున్నారు.
డ్రైవరు కుర్రాడు హ్యాండిల్ మీద తాళం వేస్తూ
"ఏలా అంటే ఏంటమ్మా?" అన్నాడు.
"ఎందుకు అని, బాబూ."
"మరి ఎందుకు అని పాడొచ్చుగా!"
నవ్వొచ్చింది. నిజమే, పాడొచ్చు.

చివరి చరణం మొదలయ్యేలోపు
పట్టుచీరల దుకాణం ప్రకటన అడ్డొచ్చింది,
సిగ్నలు పడింది, వెనక హారన్లు.
మిగతాది నేనే పాడుకున్నాను, పైకి వినపడకుండా,
బీపీ మాత్రల కవరు ఒళ్ళో పెట్టుకుని,

అచ్చులో ఉన్నట్టే.