దెబ్బకీ మోతకీ మధ్య

ఇరవై ఆరువేల మూడొందలు.
జేబులో కాదు, కీబోర్డు సంచి లోపలి అరలో,
తడిసి ఆరిన పాటల పట్టీలో చుట్టి.
చీటీ పాడుకుంటే వచ్చింది సగం.
తక్కింది రెడ్డెమ్మక్క రెండు పెళ్ళిళ్ళ పాటకూలి.
"వడ్డీ వద్దులే గుణా,
నా గొంతు నడిమధ్యలో తెగకుండా చూడు, చాలు" అనింది.

తెగింది మరి, పలమనేరులో.
పెండ్లికొడుకు మేనమామ ఐదొందల నోటు తిప్పి
దిష్టి తీస్తా ఉన్నప్పుడే
నా పాత లాప్‌టాప్ ఒకే స్వరాన్ని నమిలి నమిలి
తెర నీలం చేసుకుని పడుకుంది.
జనం నవ్వినారు. సరే.
చెంగల్రాయుడన్న మాత్రం డోలు ఆపలేదు.
అదే నన్ను కోసింది.

తిరుపతి, లీలామహల్ సర్కిల్ పక్క సందు.
ఇరుకు మెట్లెక్కితే ఖాజాభాయి అంగడి.
అద్దాల వెనక పలచటివి, వెండిరంగువి.
"ఇది చూడన్నా, గేములాడే పిల్లకాయలు ఎగబడతావుండారు."
కీల కింద ఎర్రలైట్లు.
నాకు గేములొద్దు భాయ్.
నాకేం కావాల్నో చెప్పేది కష్టం.
వేలు పడినాక స్వరం వచ్చేలోగా
నేను ముసలోణ్ణి కాకూడదు.

హెడ్‌ఫోన్లు తీసినా.
నలభై ట్రాకులు ఒక్కసారే నెత్తినేసినా,
బఫరు నూటిరవై ఎనిమిదికి దించినా.
వెండిరంగుది పదో నిమిషానికే రొప్పింది.
వయొలిన్ వెనక ఎవరో చేటతో బియ్యం చెరుగుతున్నట్టు ఫ్యాను.
ఎర్రలైట్లది ఉరికింది, అలుపు లేకుండా.
ధర నలభై ఒకటి.
పరాయి పెండ్లిలో లడ్డును చూసినట్టు చూసి మూత వేసినా.

కింద అరలో ఒకటి.
నల్లది, ఇటుకంత బరువు, మూల పగిలితే ఎంసీల్ పూసినారు.
బెంగళూరు ఆఫీసోళ్ళు అమ్మేసిన మూటలో వచ్చిందంట.
తెరిస్తే ఇంకా పాత పేరే: అకౌంట్స్-3.
అక్షరాలు కొత్తగానే ఉండాయి,
అరిగింది అంకెలే.
ఐదు లేదు, సున్నా లేదు.
ఎవరి వేలో అది,
ఏండ్లకేండ్లు ఇంకొకరి డబ్బు లెక్క కొట్టి కొట్టి
రెండు గుండ్రటి గుంటలు మిగిల్చి పోయింది.

ర్యాము పదహారు. పాత డిస్కు పీకి కొత్తది బిగించినాడు.
నమ్మలేదు నేను.
కిందికి మోసుకుపోయి మే నెల ఎండలో
స్కూటర్ సీటు మీద పెట్టి పాడించినా, ముప్పావుగంట.
మా కచేరీలకు ఏసీ ఎవరేస్తారు?
ఖాజాభాయి కొడుకు గొడుగు తెచ్చినాడు,
నాకు పట్టినాడు, దానికి కాదు.
ఒక్క టిక్కు వినపడలేదు.

"లేటెంత?" అడిగినాడు చెంగల్రాయుడన్న.
ఆరు మిల్లీసెకన్లన్నా.
"అంటే?"
రెప్పపాటును యాభై ముక్కలు చేస్తే ఒక ముక్క.
అన్న డోలు తోలును బొటనవేలితో నిమిరి
"పుల్ల తగిలినాక ఇది ఆలోచించదబ్బా" అనినాడు.
ఎగతాళో, జాలో.

పుత్తూరు దాపున జాతర, మొదటి రాత్రి.
మూడో పాటలో కరెంటు పోయింది.
స్పీకర్లు చచ్చినాయి, లైట్లు చచ్చినాయి.
జెనరేటరోడు డీజిలుకు పోయినాడు.
చీకట్లో అదొక్కటే, బ్యాటరీ మీద,
ఎవరికీ వినపడని పాటను వాయిస్తానే ఉంది.
తెర మీద పచ్చగీతలు లేస్తా, పడతా.

అన్న కుర్చీ జరుపుకుని దాని ముందుకొచ్చినాడు.
ముఖమంతా పచ్చగా.
గీత లేచిన చోట పుల్ల వేసినాడు.
రెడ్డెమ్మక్క మైకు కింద పెట్టి
వట్టి గొంతుతో ఎత్తుకుంది.
వెనక వరసల్లో పిల్లోళ్ళు ఏడుపాపినారు.

కరెంటొచ్చి స్పీకర్లు లేచేటప్పటికి
డోలు ఆడనే ఉంది, పాట ఆడనే ఉంది.
ఎవరు ముందో ఎవరు వెనకో
నా చెవికి తెలియలేదు.

ఐదు మీదా సున్నా మీదా
తెల్ల పెయింటు చుక్కలు పెట్టినా.
పేరు మార్చలేదు.
చీటీ ఇంకా పదకొండు కంతులుంది.