వెనక్కి నడిపితే గాని

కాలు వేస్తే
పాలల్లో నానిన రొట్టె మీద వేసినట్టుంది.
డెబ్భై నాలుగు మోడల్ పికప్పు,
నా మోకాళ్ళకన్నా నయమే అనుకున్నాను
మొన్నటిదాకా.
నిన్న బార్లీ లోడుతో వాలు దిగుతుంటే
పెడల్ నేలదాకా పోయి
నేలని పలకరించి వచ్చింది.
రెండోసారి తొక్కాను, నిలబడింది.
రైలు పట్టాలకు ఇవతల బండి,
పై ప్రాణాలు పైనే.

పొద్దున్నే బానెట్ ఎత్తాను.
బ్రేకాయిలు గీతదాకా నిండుగా ఉంది.
నాలుగు చక్రాల లోపలి అంచులూ
వేలితో తుడిచి చూసుకున్నాను:
దుమ్ము, పాత గ్రీజు, ఎండిపోయిన ఒక మిడత.
తడి లేదు.
పెడల్ తొక్కి అలాగే పట్టుకుని
అరవై లెక్కపెట్టాను.
మాస్టర్ సిలిండర్ లోపల్లోపల కారుతుంటే
కాలి కింద అది మెల్లగా జారిపోవాలి.
జారలేదు.
కాలు ఆ మాట చెబుతూనే ఉంది,
కన్ను మాత్రం
నిరుడు చవకలో కొని దాచిన
కొత్త సిలిండర్ డబ్బా మీదికే పోతోంది.
కొన్నదాన్ని వాడి తీరాలనే జబ్బుకి
ఏ సైజు స్పానరూ లేదు.

ఇక మిగిలింది గాలి.
ఆయిలు నలగదు, గాలి నలుగుతుంది,
గొట్టంలో ఒక్క బుడగ దాక్కున్నా
తొక్కిన బలమంతా అదే మింగేస్తుంది.
దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి,
ఒకరు సీట్లో, ఒకరు చక్రం పక్కన నేల మీద.
మాంటానాలో ఈ మూలకి
ఎనిమిది మైళ్ళలో ఇంకో మనిషి
ఆర్డిత్ ఒక్కతే.
మూడేళ్ళు మాటల్లేవు మాకు,
కాలవ గేటు ఎవరికెన్ని గంటలన్న దగ్గర.

కంచె దాకా వెళ్ళి
ఒక చేత్తో స్పానరూ
ఒక చేత్తో ఖాళీ జామ్ సీసా ఎత్తి చూపించాను.
వచ్చింది.
బూట్లు దులుపుకుని సీటెక్కింది.

"తొక్కు."
"తొక్కాను."
"పట్టుకో."
"పట్టుకునే ఉన్నా."
"వదులు."
"వదిలాను."

దూరపు చక్రం మొదలు:
వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి,
ఆఖరికి ముందు ఎడమ.
సీసాలోకి ముందు కాఫీ దిగింది, తర్వాత టీ,
తర్వాత తేనె.
బుడగ ఒక్కటీ లేదు.
అన్నీ ఆజ్ఞలే అయినా
ఒక్కటీ తగవు కాలేదు.

పెడల్ ఇంకా మెత్తనే.
నేను డబ్బా అట్ట చింపబోతుంటే
కిటికీలోంచి అంది,
పందొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి:
"ఆగు హాల్వర్.
రెండోసారికి పైకొస్తోంది, మూడోసారికి ఇంకా పైకి.
గాలి లేదని సీసా చెప్పింది.
లోపల షూలు డ్రమ్ముకి దూరమయ్యాయి."

జాకీ ఎత్తి వెనక చక్రం తిప్పితే
ఎక్కడా రాచుకోకుండా
నిశ్శబ్దంగా తిరిగింది, తిరుగుతూనే ఉంది.
"దగ్గరికి జరుపుకునే పళ్ళచక్రం లోపలే ఉందిగా" అన్నాను.
"ఉంది. వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కితేనే
అది కదులుతుంది.
నువ్వు వెనక్కి నడిపి ఎన్నాళ్ళయింది?"

కాలవ గట్టు సందు ఇరుకు.
లోపలికి పోయిన బండి
ఆమె వాకిలి ముందునుంచి
వెనక్కే రావాలి.
మూడేళ్ళుగా నేను మోడు చేను చుట్టి వస్తున్నాను,
అంతా ముందు గేర్లలోనే.
ఆ మాట చెప్పలేదు.
చీలికలోంచి స్క్రూడ్రైవరు దూర్చి
ఒక్కో పన్నే తిప్పాను,
చక్రం చిన్నగా గీరుకునేదాకా,
గీరుకున్నాక కాస్త వెనక్కి.

జాకీ దించినా ఆమె సీటు దిగలేదు.
రివర్సు వేసి
సందులోకి పోనిచ్చింది, పదడుగులకోసారి ఆపుతూ.
పక్కన నడుస్తూ చెవి ఒగ్గాను.
ఆపినప్పుడల్లా లోపల ఎక్కడో
టిక్.
నాలుగోసారికి పెడల్ సగంలోనే ఆగిందట.

గేటు ఊసు ఎవరూ ఎత్తలేదు.
సీసాలో పాత ఆయిలు తన షెడ్డు పీపాలో పోస్తానంది.
పీపా నాకూ ఉందన్నాను.
సీసా ఇంకా
కంచె రాటమీదే ఉంది.