ఐదో గట్టు

రోజుకు మూడొందల యాభై,
మధ్యాహ్నం పులిహోర పొట్లం అదనం.
నా పని మాటలు మోయడం.
సర్వేయరు తెలుగులో అడిగింది కోయలోకి,
కోయలో వచ్చింది మళ్లీ తెలుగులోకి,
పొద్దుగూకాక మోటు ఆఫీసులో
ఒడియాలో రాసిన కాగితం కింద నా సంతకం.

శబరి అవతల మమ్మల్ని మడకం అని రాస్తారు.
ఇవతల మడ్కామి.
పెదనాన్న కార్డు అవతలిది, నాన్న కార్డు ఇవతలిది.
అన్నదమ్ములని రుజువేదని కలిమెల గుమాస్తా అడిగితే
నాన్న తన ముక్కు చూపించాడు,
తర్వాత పెదనాన్న ముక్కు.
గుమాస్తా కూడా నవ్వాడు.
నవ్వి, ఫైలు వెనక్కి తోశాడు.

నీళ్లింకా రాలేదు. నీళ్ల గీత ముందొచ్చింది.
ఊరి మధ్యనుంచి పసుపురంగు రాళ్లు, ఒక్కోదానికి ఒక నంబరు.
ఇరవై ఏడో రాయి
ఉంగా వాళ్ల వంటపాకకీ కోళ్లగూటికీ నడుమ పడింది.
పాక మునుగుతుందట. కోళ్లు మునగవట.
ఉంగా పెళ్లాం ఆ రాత్రికే
పొయ్యి రాళ్లు మూడూ గూటివైపు జరిపింది.

అడమే పెద్దమ్మ సామ చేలో కలుపు తీస్తోంది.
"గట్టు ఏదో అడుగు" అన్నాడు సర్వేయరు,
పొలం ఎంతవరకని ఆయన ఉద్దేశం.
అడిగాను.
తలెత్తకుండానే చెప్పింది:
"ఐదో గట్టు. అదేం అడగడంరా,
నువ్వు మాత్రం ఐదో గట్టు కాదూ?"

మాలో గట్టంటే మనుషులు.
ఎవరి పిల్లను ఎవరు చేసుకోవచ్చు, ఎవరు తాకకూడదు,
ఎవరి చావుకు ఎవరు బియ్యం మోసుకు రావాలి,
జాతరనాడు ఏ వేల్పు ఎవరి భుజం ఎక్కుతుంది,
అదీ గట్టు.
దానికి పారతో పనిలేదు.

"ఐదో గట్టట సార్" అన్నాను.
ఒక్క అక్షరం మార్చలేదు.
ఆయన పటం మీద వేలుపెట్టి
పై మడినుంచి లెక్కపెట్టుకుంటూ దిగాడు
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
అక్కడ గీత కొట్టాడు.
ఏటివైపు ఇంకా నాలుగు గట్లున్నాయి,
పెదనాన్న తట్టలతో ఒండ్రు మోసి నిలబెట్టిన వరి మడులు.
వాటి మీద అడ్డంగా రాశాడు: బంజరు.

ఆగండి సార్, ఆ గట్టు కాదు.
అనడానికి ఎంతసేపు?
ఎండ. సీసాలో నీళ్లయిపోయాయి.
ఇంకా పద్దెనిమిది ఇళ్లున్నాయి.
పైగా నేను తప్పు చెప్పలేదు కదా
అని ఆ రోజంతా అనుకున్నాను,
ఆ తర్వాత కూడా చాలా రోజులు.

జీలుగు చెట్లు పదకొండు. రాసుకున్నాడు.
వాగు దాటాక
నిలువురాళ్ల దగ్గర టక్కున ఆగాడు.
"ఇదెవరి సర్వే? మాకంటే ముందు ఎవరొచ్చారు?"
రాయి చుట్టూ తిరిగి నంబరు కోసం తడిమాడు.
పక్కన కర్రకు కట్టిన ఆవుతోక
ఎండి, గాలికి కొట్టుకుంటోంది.
"మా తాతది" అన్నాను.
"పాత సర్వే" అని రాసుకున్నాడు.

ఇప్పుడు కాలనీలో ఆమెది అరవై నాలుగో ఇల్లు.
నీలం రేకులు, గోడలోనుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ,
దానికి వేలాడే సొరకాయ బుర్ర.
జీలుగు కల్లు లేదుగా, దాన్లో మంచినీళ్లు పోసుకుంటోంది.
ఉంగా వాళ్లు గీతకు పైన పాతూళ్లోనే ఉండిపోయారు.
మొన్న వాళ్లింట్లో చావైతే కబురు మూడోనాడు అందింది.
బస్సులో బియ్యం మూటతో వెళ్లింది,
అప్పటికే రాయి నిలబెట్టేశారు.

నిన్న పట్టా కాగితం నా చేతిలో పెట్టి
నా పేరు పక్కన ఏం రాశారో చదవమంది.
మడ్కామి అడమే, భర్త పేరు, సర్వే నంబరు.
ఆ తర్వాత "ఐదో గట్టు" అని చదివాను.

"సరిగ్గానే రాశాడు పిల్లోడు" అంది,
కాగితం వెనక్కి తీసుకుని రెండు మడతలు పెట్టి.
కింద ఇంకో వరుస ఉంది.