నాలుగు మూలలు

నా కండ్లద్దాలల్ల కుడి అద్దం మీద
ఒక గీత ఉన్నది, కోసిన గోరంత.
కిందవడి పడ్డది కాదు.
ఇరవై ఆరేండ్లు కెమెరా బెజ్జం
ఒరుసుకొని ఒరుసుకొని గీసింది.

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
ఖదీర్ భాయ్ స్టూడియోల పనికి కుదిరిన దినం
ఆయన నా మొఖం చూడలే, అద్దాలు చూసిండు.
"నంబరెంత?"
"మైనస్ మూడు."
గల్లా మూసి నవ్విండు.
"సూరాఖ్‌కు కన్ను ఆనాలె బేటా.
నీకూ దానికీ నడుమ గోడ ఉన్నది."

గోడనే.
అద్దాలు పెట్టుకొని చూస్తే
నడుమ ఉన్నోళ్లే కనవడ్తరు:
పెండ్లిపిల్ల ముక్కుపుల్ల, పిలగాని బాసింగం,
దోసిట్ల తలంబ్రాలు.
మూలలు కనవడవు.
బాయిలకు తొంగి చూసినట్టు చుట్టూ నలుపు.
తల ఇటు జరిపితే ఆ మూల పోతది,
అటు జరిపితే ఈ మూల పోతది.
ఎండకాలం లగ్గాలల్లనైతే
చెమట ఆవిరికి అయ్యగారు సుత
మబ్బులల్లనే మంత్రాలు చదివేటోడు.

అద్దాలు నుదుటి మీదికి తోసిన.
మూలలన్నీ దొరికినయి,
మనుషులు కరిగిపోయిన్రు.
సైకిల్ ట్యూబు గుండ్రంగ కోసి
బెజ్జానికి తొడిగిన. అప్పటికే గీత పడ్డది.

ఇగ అందాజతోని నొక్కుడు నేర్చుకున్న.
రీలు కడిగినంక చూస్తే
నేను పిలవనోళ్లంత వచ్చి కూసునేటోళ్లు:
కుర్చీ కాలు, కుక్క తోక,
సోడా బండి, సగం మనిషి.
ఖదీర్ భాయ్ తిట్టుకుంట
బ్లేడుతోని అంచులు కోస్తుండె.

మొన్నమొన్న కొన్న కెమెరాకు
బెజ్జం పక్కన మినుపగింజంత చక్రం ఉండె.
ఏందో అని మూడేండ్లు ముట్టలే.
మా చెల్లె బిడ్డ ఆడుకుంట తిప్పింది.
తెల్లారి అద్దాలతోని చూస్తే అంత మసక,
చిరాకుతోని అద్దాలు తీసి చూస్తే
అబ్బ!
పందిరి ఆకుల ఈనెలు లెక్కవెట్టొచ్చు.
నాలుగు మూలలు, నాలుగూ నావే.

కానీ కన్ను తీసి తలెత్తితే
ఎవరి మొఖమూ లేదు.
పిల్ల తల్లి ఏడుస్తుందో నవ్వుతుందో,
చెయ్యి ఊపేటాయన అన్నానికి పిలుస్తుండో
పక్కకు జరుగమంటుండో.
ఎవరిదో కాలు తొక్కిన.
బొమ్మ కావాల్నా మనుషులు కావాల్నా అని
ఆ మినుపగింజ అడిగినట్టుండె.
మళ్ల వెనుకకు తిప్పిన.

పోయిన నెల కొండమల్లేపల్లి నుంచి
సైదమ్మ అని ఒకామె వచ్చింది.
పాలిథిన్ కవరుల పాత పెండ్లి ఫొటో.
ఆ పెండ్లోళ్ల ఇంటికి మూడుసార్లు పోయి
బతిమాలి తెచ్చుకున్నదట.
వేలు పెండ్లిజంట మీద పెట్టలే,
ఎడమదిక్కు కింద మూలకు పెట్టింది.
గుంజ పక్కన గుండిగ తోముకుంట
ఫ్లాష్ వెలుగుకు తలెత్తిన ఒకామె.

"మా అవ్వ, ఈదమ్మ.
ఇంకేడ లేదు ఆమెది. పెద్దగ చెయ్యరాదు?"

తిప్పి చూసిన. వెనుక స్టూడియో ముద్ర,
తారీకు నా చేతిరాతనే.
నడిమిట్ల ఆ ఇద్దరు యాదికున్నరు.
ఆ మూల నాకు ఆ దినం నల్లగుండె.
ఖదీర్ భాయ్ బ్లేడు
మొద్దువారి ఉంటది.

కంప్యూటర్ల పెద్దగ చేసేకొద్ది
మొఖం జొన్నపిండి లెక్క రాలవట్టింది.
"ఇంతకన్న సాఫు రాదమ్మా" అన్న.
"గట్లనే ఉండేది సారూ," అన్నది సైదమ్మ,
"బోళ్లు తోమితోమి బూడిదవట్టి."

పైసలు వద్దన్న. వినలే.
బల్ల మీద మడతల నోటు పెట్టి
కవరును కొంగుల చుట్టుకొని
హైదరాబాదు బస్సు కదులుతుంటె ఉరికింది.

అద్దాలు అంగికి తుడుచుకొని పెట్టుకున్న.
బస్‌పాస్ ఫొటోకు ఒక పోరడు
స్టూలు మీద కూసున్నడు.
"పై గుండీ పెట్టుకో" అన్న.
పర్దా అంచు కాడ
ఏదో మెదిలినట్టు అనిపించింది.
తల జరుపలే.
నొక్కిన.