చేతిలో ఏముంది

హోబార్ట్ లైబ్రరీ మేడ మీద
బుధవారం సాయంత్రాలు కథల క్లాసు.
రాసిందంతా పట్టుకెళ్ళాను, తొమ్మిది పేజీలు.
మొదటి రెండూ వానే.
మూడో పేజీకి గానీ మా సుభాషిణి
తలుపు తీసుకుని బయటికి రాదు.

ఐలీన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"ఈవిడ చేతిలో ఏముంది?" అంది.

నాకు తెలీదు.
సుభాషిణి తల్లి పేరు తెలుసు, పెళ్ళి తేదీ తెలుసు,
ఎక్కడ ఏడవాలో కూడా ముందే రాసిపెట్టుకున్నాను.
చేతుల సంగతే ఎప్పుడూ తట్టలేదు.
అవమానమని కాదు గానీ
చెవులు వేడెక్కాయి.

తిరుగు బస్సులో ముందు సీటు ముసలాయన
చేపల కొట్టు సంచీ ఒళ్ళో పెట్టుకుని
మూతి రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు,
లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.
మూనా దాటింది. అదే నా స్టాపు.
ఆయన దిగలేదు, నేనూ దిగలేదు.

రసీదు వెనక రాశాను:
"సంచీ కదిలింది."

నిజానికి కదల్లేదు.
గ్లెనోర్కీలో ఆయన దిగి
చీకట్లోకి మామూలుగా నడిచిపోయాడు.
సంచీ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది,
సుభాషిణికి ఇవ్వాలా వద్దా అని
ఇంకా తేల్చుకోలేదు.