గల్ల పట్టీ

మొదటి అంగి మావోని తలకాయ పట్టలేదు.
చెవుల దాకొచ్చి ఆగింది.
లోపల్నుంచి "అమ్మా, కరెంటు పోయిందా?" అన్నడు.
నవ్వుకుంట గుంజిన.
టప్ టప్ టప్
దారం వరసగ తెగింది,
పూసల దండ తెగినట్టు.

రెండోది పట్టింది. పట్టుడేంది,
భుజం మీంచి జారి మోచేతి కాడ తేలింది.
మెడ చుట్టు బట్ట అలలలలుగ లేచింది,
కాలిన అప్పడం అంచు లెక్క.
రెండు సార్లు ఇస్త్రీ కొట్టిన. అణగలె.

జనరల్ బజార్ సందుల కిలో లెక్కన తెచ్చిన హోజరీ,
ఆకుపచ్చది ముప్పావు కిలో,
గల్లకని సన్నగీతల రిబ్బు పావు కిలో.
సగం అప్పుడే తుక్కు సంచిల పడ్డది.

జాకెట్లు కుడ్తున్న పదిహేనేండ్ల సంది.
సూరారం కాలనీల నా చేతి మెడకు పేరుంది:
కుండ మెడ, పలక మెడ, పాన్ మెడ,
ఎవరికి ఏది నప్పుతదో మనిషిని చూసి చెప్త.
ఆ బట్ట చెప్పిన మాట ఇంటది.
ఇది ఇనది. కత్తెర తగలంగనే అంచు చుట్టుకుంటది,
బడికి పొమ్మంటే దుప్పట్ల ముడుసుకునే పోరని లెక్క.

మూడోదానికి పోయి రఫత్ ఆపాను పిలుసుకొచ్చిన.

ఆపా జీడిమెట్ల కంపెనీల పదకొండేండ్లు పట్టీ ఏసింది.
గల్ల పట్టీ ఒక్కటే.
రోజుకు ఆరు వందల మెడలు.
ముందటి బల్లామె భుజాలు కలిపి ఇటు తోస్తే
పట్టీ ఏసి ఎనక బల్లకు అటు తోసేది.
కంపెనీకి తాళం పడి నాలుగేండ్లు.
బస్సుల నిలబడితే ఇప్పటికీ ఆమెకు మొకాలు కనపడవు,
మెడలే.
"ఈ పోరనిది బట్ట గుంజి కుట్టిన్రు" అంటది నా చెవుల,
షాపూర్ నగర్ స్టాపు రాకముందే.

రాంగనే నా సూది ఊడదీసింది.
"ఇది జాకెట్ సూది, పొడుస్తది.
దీనికి మొన మొద్దుగుండాలె.
పోగును పక్కకు జరిపి పోవాలె, చీరొద్దు."
టేపు పెట్టి గల్ల చుట్టు కొలిచింది. పదహారు.
పట్టీ పద్నాలుగే కోసింది.
తక్కువైంది గద ఆపా, అన్న.
"తక్కువే ఉండాలె."

పట్టీ కొసలు కలిపి గాజు లెక్క చేసి, మడిచి,
దానికి నాలుగు పిన్నులు, మెడకు నాలుగు.
నేను భుజం కుట్టు కాడ గుచ్చబోతే చెయ్యి మీద కొట్టింది.
"ముందు వంపు పొడుగు, ఎనకది పొట్టి.
పావు ఎక్కడ పడ్తది? భుజానికి జర ముందట."
పదిహేనేండ్ల పేరు అప్పుడు
ఆ పిన్ను మొన మీద నిలబడ్డది.

"ఇగ కుట్టు. కప్డాకు చెయ్యి పెట్టకు,
దాని మానాన దాన్ని పండనియ్యి. పట్టీని గుంజు."

సన్న జిగ్ జాగ్.
పిన్ను నుంచి పిన్ను దాక
పట్టీ సాగింది, సాగి బట్టంత అయింది,
పాదం దాటంగనే మళ్ల దగ్గరికి ముడుసుకుంది.
ఇస్త్రీ పెట్టె రుద్దకుండ, ఎత్తి ఎత్తి ఆనిచ్చిన.
అంచు మీద ఇంకో వరస.

అక్షిత్ చెవులు మడత పడి, విచ్చుకొని,
తలకాయ బయటికొచ్చింది.
"కరెంటొచ్చింది!"
మెడ కాడ ఒక్క అల లేదు.

ఆపా నవ్వలె.
పోరన్ని పక్కకు తిప్పి
భుజం కింద, చంక కాడ, ఏలితో తడిమి తడిమి చూసింది.
"ఈ చెయ్యి ఎట్ల పెట్టినవ్?"
ఎగతాళి అనుకున్న.
"అల్లా కసం. ఎన్ని అంగీలు దాటిపోయినయో,
ఒక్కదానికి చెయ్యి కుట్టలె నేను.
జేబు కుట్టలె. కింది మడత కుట్టలె.
మనవనికి ఒకటి కుట్టాలనుంది. మొత్తం. నేనే."

మిగిలిన ఆకుపచ్చ ముక్కను బల్ల మీద పరిచిన.
సుద్ద ముక్క ఆమె చేతికిచ్చి
చంక వంపు గీయమన్న.
రోజుకు ఆరు వందల మెడలు తిప్పిన చెయ్యి
ఒక్క గీత కాడ ఆగి ఆగి పోయింది.
నా మొకం దిక్కు చూసింది.
తుడిచింది.
మళ్ల గీసింది.

కింద గల్లీల మావోడు అప్పటికే
కొత్త గల్లను ముక్కు దాక గుంజి
దొంగ పోలీసు ఆడుతున్నడు.